మార్కు వేసినారు, లోపము చెప్పలేదు



మన సంఘ పత్రికలో నూలు ధర, రంగుల నాణ్యత, సొసైటీలకు రావలసిన బకాయిలు మొదలగు విషయములే తరచుగా చోటు చేసికొనును. అవి కూటికి సంబంధించినవి గనుక అట్లుండుట న్యాయమే. అయితే నేడు మన ఇండ్లనుండి పిల్లలు డిజైను కళాశాలలకు పోవుచున్నారు. అక్కడి పిల్లలు పాఠములో భాగముగా మన మగ్గముల చెంతకు వచ్చుచున్నారు. ఆ కళాశాలలలో పనిని ఏ గీటురాయిపై గీసి మార్కు వేయుచున్నారు, వేసిన తరువాత విద్యార్థికి ఏమి చెప్పుచున్నారు అనునది మనకు పట్టని విషయము కాదని నా అభిప్రాయము. దానినే ఇచట మనవి చేయుచున్నాను.

గత వేసవి సెలవులలో మా మనుమరాలు రాయగడకు వచ్చినది. ఒక డిజైను కళాశాలలో రెండవ సంవత్సరము చదువుచున్నది. ఆ కళాశాల పేరు ఇచట అవసరము లేదు. తాను నేసిన ఒక ఉత్తరీయమును, దానితో కూడ ఒక కాగితమును నా ముందు పెట్టినది. నూలు బట్ట, కొంగున కోట్‌పాడ్ పద్ధతిని పోలిన పీత బొమ్మలు అదనపు పేకతో తీసినది. కాగితముపై 58 అని మార్కు, దాని క్రింద "ఇంకను మెరుగుపడవలెను" అని ఒక్క ముక్క.

"ఎక్కడ మెరుగుపడాలి తాతా? అది చెప్పలేదు కదా!" అన్నది పిల్ల.

బట్టను కిటికీ దగ్గరకు తీసికొనిపోయి చూచితిని. మొదటి మూర బాగుగనే యున్నది. అటుపైన అంచు లోనికి లాగుకొనినది. పేక బిగించి విసిరినదనుటకు అదే గురుతు. పన్నా మొదటికీ చివరికీ రెండు వ్రేళ్ళ తేడా వచ్చినది. పీత బొమ్మలు విడిగా చూచిన ముచ్చటగనే యున్నవి గాని, ఉత్తరీయమును భుజముపై వేసికొనగానే సరిగా మడత పడు చోటునకు వచ్చినవి. ఎదుటివారికి సగము పీతయే కనబడును. ఈ రెండు లోపములు చెప్పుటకు నాకు పట్టిన కాలము ఒక కాఫీ త్రాగునంత. పిల్ల తల ఊపి, "ఈ మాట మగ్గం మీద ఉండగా ఎవరైనా చెప్పుంటే విప్పి మళ్ళీ నేసేదాన్ని కదా" అన్నది.

ఆ మాట విన్న నాటినుండి ఈ వ్యాసము నా మనస్సులో తిరుగుచున్నది.

మా ప్రాంతమును గూర్చి తెలియని పాఠకుల కొరకు నాలుగు మాటలు. కోరాపుట్ సీమ 1936 ఏప్రిల్ 1వ తేదీ వరకు మద్రాసు రాజధానిలోని విశాఖపట్టణము జిల్లాలో, జయపురము జమీందారీ క్రింద ఉండెడిది. ఆ దినమున ఒరిస్సా రాష్ట్రము వేరుపడినప్పుడు అందులో చేరినది. రాయగడ 1992 అక్టోబరు 2న ప్రత్యేక జిల్లా అయినది. రాష్ట్రము మారినను పార్వతీపురము, బొబ్బిలి వైపు చుట్టరికములు మారలేదు. రాయగడ, గుణుపురము పట్టణములలో నేటికిని తెలుగు మాట వినబడుచునే యున్నది. ఇంటిలో తెలుగు, బడిలో ఒడియా, సంతలో దేశియా, కళాశాలలో ఇంగ్లీషు — ఇది మా పిల్లల బ్రతుకు. ఈ నాలుగు భాషల సంగతి మరల ముందుకు వచ్చును.

ఈ రెండు జిల్లాలలో డిజైను విద్యార్థులను రప్పించు బట్టలు ముఖ్యముగా రెండు. మొదటిది కోట్‌పాడ్ బట్ట. జయపురము నుండి జగదల్‌పూర్ పోవు బాటలో బస్తరు సరిహద్దున కోట్‌పాడ్ ఉన్నది. నేయువారు మిర్గాన్ కులస్థులు. ఆల్ చెట్టు వేరుబెరడు, అనగా మన పెద్దలు తొగరు అనెడి చెట్టు బెరడు, దంచి దానితో నూలుకు ముదురు ఎరుపు దింపుదురు. అన్నభేది కలిపిన నలుపు వచ్చును. రంగు వేయుటకు ముందు నూలును ఆముదము, బూడిద నీరు, పేడలతో వారముల తరబడి నానవేసి, ఆరవేసి, మరల నానవేయవలెను. ఆ ఎరుపు, ఆ నలుపు, నూలు సహజపు తెలుపు, ఈ మూడే రంగులు. పీత, శంఖము, చేప, పడవ, గొడ్డలి వంటి బొమ్మలు గుంట మగ్గముపై అదనపు పేకతో చేతితో ఎత్తి నేయుదురు. 2005లో ఒడిశా రాష్ట్రమునుండి భౌగోళిక గుర్తింపు మొట్టమొదట పొందినది ఈ బట్టయే. అక్కడి నేతగాడు గోవర్ధన్ పాణికాకు 2018లో పద్మశ్రీ వచ్చినది.

రెండవది రాయగడ జిల్లా నియమగిరి కొండలలోని డోంగ్రియా కొంధుల కపడాగండా. తెల్లని ముతక నూలు బట్టను క్రింది ఊళ్ళ నేతగాండ్రవద్ద తెచ్చుకొని, దానిపై కొంధు స్త్రీలు రంగు దారములతో త్రికోణములను, గీతలను కుట్టుదురు. కొండల శిఖరములే ఆ త్రికోణములు. కన్యలు తమ సోదరునకో, మనసిచ్చిన వానికో కుట్టి ఇచ్చెడి కానుక అది. బజారు సరకుగా పుట్టినది కాదు. దానికి 2024లో భౌగోళిక గుర్తింపు లభించినది.

ఈ రెండింటిని చూచుటకు, వ్రాసికొనుటకు, వానిని ఆధారముగా తీసికొని కొత్త నమూనాలు చేయుటకు విద్యార్థులు వచ్చుచుందురు. భువనేశ్వరమున 2010లో వెలసిన నిఫ్ట్ కలదు. బర్గఢ్‌లో చేనేత సాంకేతిక విద్యాలయము కలదు. ఆంధ్రలో వెంకటగిరియందు ప్రగడ కోటయ్యగారి పేర చేనేత విద్యాలయము, 2015లో ప్రారంభమైన ఆంధ్రప్రదేశ్ ఎన్.ఐ.డి. కలవు. నిఫ్ట్ వారు చేతివృత్తులవారి పిల్లలకు ప్రవేశములో ప్రత్యేక వర్గమును కూడ పెట్టినారు. ఇది మంచి మాట. కాని ఇంటిలో పుట్టిన విద్య ఉన్న పిల్లను లోనికి తీసికొని, ఆమె పనిని ఏ కొలతతో కొలుచుచున్నారో ఆమెకు చెప్పనిచో, తలుపు తెరచి దీపము ఆర్పినట్లున్నది.

డిజైను చదువులో మూడు గంటల వ్రాతపరీక్షకన్న చేసిన పనికే విలువ హెచ్చు. విద్యార్థి తన పనిని గోడకు తగిలించి, బల్లపై పరచి నిలుచుండును. నలుగురు పెద్దలు వచ్చి చూచి తీర్పు చెప్పుదురు. దీనిని జ్యూరీ అందురు. ప్యారిస్ నగరములో బోజార్ట్ అను చిత్రశిల్ప విద్యాలయమున వెనుకటి శతాబ్దములలో ఈ పద్ధతి పెరిగినది. అప్పట్లో విద్యార్థి లోనికి పోవుటకు కూడ వీలు లేదు. తలుపులు మూసికొని పెద్దలే తేల్చెడివారు. నేడు తలుపు తెరచినారు గాని, అనేక చోట్ల పెద్దల మనసులోని కొలమానము మాత్రము మూసియే యున్నది.

మనకిది కొత్త అనుభవమా? కానే కాదు. సొసైటీ బల్ల దగ్గర బట్ట అప్పగించిన ప్రతివానికిని ఇది తెలిసినదే. ఒక రకపు గుమాస్తా ఉండును. బట్టను ఒకసారి విదిలించి, మడిచి, పుస్తకములో కోత వ్రాసికొని, "తరువాత వాడు రా" అనును. నేతగాడు కూలి తగ్గిన సంగతి తెలిసికొని పోవును గాని, ఎందుకు తగ్గినదో తెలియక వచ్చే చీర కూడ అట్లే నేయును. నా చిన్నతనములో మా తండ్రిగారితో కూడ నేను పోయిన సొసైటీలో ఇంకొక రకపు పెద్దమనిషి ఉండెడివాడు. బల్లను కిటికీ దగ్గర వేయించుకొని, బట్టను వెలుగునకు అడ్డముగా పట్టి, పోగులు లెక్కించు భూతద్దమును నేతగాని చేతికే ఇచ్చి, "నువ్వే చూసి చెప్పు బాబూ, ఎక్కడ పలచబడ్డాదో" అనెడివాడు. నేతగాడు తన వ్రేలితో తానే ఆ చోటు చూపవలెను. కోత అప్పుడును తప్పెడిది కాదు. కాని అదే లోపముతో రెండవమారు వచ్చినవాడు అరుదు. మా తండ్రిగారు ఆ కోతను కోత యనక చదువు రుసుము అనెడివారు.

1989లో శాడ్లర్ అను ఆస్ట్రేలియా విద్యావేత్త ఈ సంగతినే పండితభాషలో వ్రాసినాడు. నేర్చుకొనువానికి మంచి పని యనగా ఎట్లుండునో తెలియవలెను. తన పనిని దానితో పోల్చి చూడగలుగవలెను. నడుమ ఉన్న తేడాను పూడ్చుకొనుటకు ఏమి చేయవలెనో తెలిసి, అది చేయుటకు అవకాశము ఉండవలెను. ఈ మూటిలో ఏది లేకున్నను, చెప్పిన మాట గాలికి పోవును. మా సొసైటీ పెద్దమనిషి ఈ వ్యాసము చదివియుండలేదు. పని మాత్రము ఇదే చేసినాడు.

ఇక గీటురాళ్ళ సంగతి. పడుగు ఎక్కించక మునుపే వానిని చెప్పవలెను. మనము ఆర్డరు తీసికొనునప్పుడు పన్నా ఎంత, నిడివి ఎంత, ఏ నంబరు నూలు, అంగుళమునకు ఎన్ని పోగులు, అంచు ఎంత అని అడుగకుండ మగ్గము ఎక్కుదుమా? నేసిన తరువాత "నా మనసులో వేరుగ అనుకొన్నాను" అను షావుకారును ఏమందుము? ప్రభుత్వము కూడ 2015లో ఇండియా హ్యాండ్‌లూమ్ బ్రాండు పెట్టినప్పుడు ముడిసరకు, రంగు నిలకడ, నేత నాణ్యత మొదలగు కొలతలు ముందుగనే ప్రకటించినది. భౌగోళిక గుర్తింపునకు సయితము ఏది ఆ బట్టయో ఏది కాదో వ్రాసి దాఖలు చేయవలసి యున్నది. చదువురాని నేతగాడు ఇన్ని వ్రాతపూర్వకమైన కొలతలకు లోబడుచుండగా, చదువు చెప్పు విశ్వవిద్యాలయము "చూడగానే తెలియును" అని తప్పించుకొనుట ఎట్లు తగును?

అయితే కొలత వ్రాయుట యనగా "సృజన 25, సౌందర్యము 25, ప్రదర్శన 25" అని గడులు గీయుట కాదు. ఆ మాటలకు రంగు రుచి లేదు. దీనికి మంచి ఉదాహరణ మన దేశపు చరిత్రయందే కలదు. 1958లో భారత ప్రభుత్వము కోరగా అమెరికా దేశపు డిజైనరులు చార్లెస్, రే ఈమ్స్ దంపతులు ఒక నివేదిక ఇచ్చినారు. అహమ్మదాబాదులో 1961లో జాతీయ డిజైను విద్యాలయము వెలయుటకు అదియే ఆధారము. ఆ నివేదికలో వారు మన చెంబును తీసికొని దానిని తూచుటకు ప్రశ్నల వరుస ఒకటి వేసినారు. ఎంత నీరు పట్టవలెను, ఏ చేయి పట్టుకొనును, తలపై మోయుదురా చంకన పెట్టుకొందురా, నిండుగా ఉన్నప్పుడు తూగు ఎట్లు, ఖాళీగా ఉన్నప్పుడు ఎట్లు, వంచినప్పుడు ధార ఎట్లు పడును, తోముట సులభమా, వెల యెంత, పాతబడిన తరువాత లోహమునకు ఏమి వచ్చును — ఇట్లు సాగును. చెంబు అందమైనదా అను ప్రశ్నతో మొదలు పెట్టలేదు. ఈ ప్రశ్నలన్నిటికిని జవాబు చెప్పిన వస్తువు అందముగా ఉండక తప్పదని వారి భావము కాబోలు.

కోట్‌పాడ్ బట్టను ఆధారముగా తీసికొని విద్యార్థి చేసిన పనిని తూచవలసివచ్చినచో నేను వేయు ప్రశ్నలు వేరుగా ఉండును. ఈ బొమ్మ అదనపు పేకతో మెట్లు మెట్లుగా ఎత్తుటకు వీలయినదా, లేక కాగితముపై గుండ్రముగా గీసి నేతగాని నెత్తిన పడవేసినదా? ఆల్ వేరు ఇచ్చు ఎరుపునే కోరినావా, లేక ఆ వేరు ఎన్నటికిని ఇయ్యజాలని గులాబీరంగు కోరి చివరకు రసాయనపు రంగుతో సరిపుచ్చినావా? నూలు సిద్ధమగుటకు పట్టు వారములను నీ లెక్కలో వేసికొన్నావా? ఈ బొమ్మవలన నేతగానికి దినమునకు ఎన్ని అంగుళములు సాగును, ఆ లెక్కన కూలి యెంత గిట్టును? కట్టుకొన్నప్పుడు బొమ్మ ఎక్కడ పడును? మా మనుమరాలి పీత ఈ కడపటి ప్రశ్న దగ్గరనే ఓడిపోయినది.

కపడాగండా విషయములో మొదటి ప్రశ్న నేత ప్రశ్నయే కాదు. అడిగినావా? ఎవరిని అడిగినావు? వారు ఏమన్నారు? అన్నకు చెల్లెలు కుట్టు కానుకలోని గీతలను యంత్రముపై అచ్చువేసి సంచులపైకి ఎక్కించిన పనిని, ఎంత చక్కగా గోడకు తగిలించినను, నేను మెచ్చలేను. నన్నడిగినచో 100 మార్కులలో 20 ఈ ఒక్క ప్రశ్నకే వేయుదును. ఈ లెక్క హెచ్చని అధ్యాపకులు అనవచ్చును. 10 అయినను వేయుడని నా మనవి. సున్న మాత్రము వద్దు.

దిద్దుబాటు మాటను గూర్చి చెప్పవలసినది ఇంకను హెచ్చుగా ఉన్నది. అన్నిటికన్న ముందు, అది చెప్పు సమయము. బట్ట మగ్గముపై ఉన్నప్పుడు చెప్పిన మాట దిద్దుబాటు. కోసి మడిచిన తరువాత చెప్పినది తీర్పు. రెండును అవసరమే గాని మొదటిదాని చోట రెండవది పనికిరాదు. మూర నేయగానే ఒకసారి, సగము కాగానే ఒకసారి ఉపాధ్యాయుడు వచ్చి చూడవలెను. మన ఇండ్లలో పిల్లవాడు మొదట గుంటలో కూర్చున్నప్పుడు తండ్రి పక్కనే ఉండి, నాడె ఎట్లు పోవుచున్నదో చప్పుడును బట్టి కనిపెట్టి "వదులు, వదులు" అనుచుండును. చీర పూర్తి అయిన తరువాత ఉత్తరము వ్రాయడు కదా.

ఇక మార్కును మాటను కలిపి ఇయ్యకుండుట. ఇది నాకు మొదట వింతగా తోచినది. 1988లో ఇజ్రాయేలు దేశమున రూత్ బట్లర్ అను పరిశోధకురాలు బడిపిల్లలతో ఒక పరీక్ష జరిపినది. కొందరికి మార్కు మాత్రమే, కొందరికి మాట మాత్రమే, కొందరికి రెండును ఇచ్చినది. మాట మాత్రమే పొందినవారి పని బాగుపడినది. రెండును పొందినవారు మార్కు మాత్రమే పొందినవారివలెనే ఉండిపోయినారు! మార్కు కనబడగానే పిల్ల కన్ను దానిమీదనే నిలిచి, మాట చదువుట మానును గాబోలు. కూలి లెక్క చూచికొన్న నేతగాడు గుమాస్తా చెప్పునది వినక లేచిపోవుట మనము చూచినదే. కనుక ముందు మాట చెప్పి, వారము పది దినములు గడువిచ్చి, ఒక చిన్న ముక్క మరల నేయించి, అటుపైన మార్కు ఇయ్యవచ్చును. దీనికి కొత్త డబ్బు అక్కరలేదు. తేదీల పట్టిక మార్చిన చాలును.

భాష సంగతి ముందుకు వచ్చునని పైన అంటిని. మా మనుమరాలి మరొక కాగితమున ఇంగ్లీషులో వ్రాసిన ఒక వాక్యము చూపినది. దాని అర్థము ఆమె నిఘంటువులో చూచినది, చూచినను తెలియలేదు. ముక్కలు ఒకదానితో ఒకటి పొందికగా లేవని భావమట. ఏ ముక్కలు? అంచునకు కొంగునకునా, రంగునకు బొమ్మకునా? ఇంటిలో తెలుగో, ఒడియాయో, దేశియాయో, కువియో మాటలాడు పిల్లకు, వ్రేలు పెట్టి చూపి చెప్పిన మాటయే మాట. "ఇచట పేక బిగిసినది" అన్నచో ఏ భాషలోనైనను అర్థమగును. "పొందిక లేదు" అన్నచో తల్లిభాషలో చెప్పినను అర్థము కాదు.

దీనికి ఎదురుగా చెప్పు మాటలు రెండు విన్నాను. తరగతిలో ముప్పదిమంది ఉన్నచో ఒక్కొక్కరి మగ్గము చెంత నిలుచుటకు ఉపాధ్యాయునకు తీరిక ఎక్కడిది అన్నది ఒకటి. నిజమే. కాని పిల్లలు ఒకరి పనిని ఒకరు చూచి లోపము వెదకుట నేర్పినచో భారము తగ్గును, వెదకువాని కన్ను కూడ పదును దేరును. భూతద్దము నేతగాని చేతికిచ్చుటలోని కీలకమదియే.

రెండవ ఆక్షేపణ బరువైనది. కొలతలు వ్రాసిపెట్టినచో పిల్లలు కొలతకు సరిపడు పని మాత్రమే చేయుదురు, కొత్తది పుట్టదు అందురు. దీనిని నేను కొట్టివేయజాలను. పోగుల లెక్క ఒక్కటే చూచి కూలి ఇచ్చు చోట నేతగాడు గంజి దట్టించి బట్టను దిట్టముగా చూపుట ఎరుగుదుము. చేతికి తెలిసినది అంతయు కాగితముపైకి రాదు. మెత్తదనమును ఏ వాక్యములో వ్రాయగలము? పొందూరు ఖద్దరు చేతికి తగిలిన నాడు తెలియునది పుస్తకము చదివిన తెలియునా? దీనికి నా దృష్టిలో ఉపాయము ఒకటి కలదు. కాగితముతో పాటు నమూనా గుడ్డలను పెట్టుడు. వెనుకటి సంవత్సరముల విద్యార్థుల పనులలో బాగుగ కుదిరినది, నడిమి రకము, చెడిపోయినది — మూడు ముక్కలు పేర్లు తీసివేసి బల్లపై ఉంచి, పిల్లలచేత ముట్టించి, "వీనిని వరుసలో పెట్టి కారణము చెప్పుడు" అనవలెను. మన పెద్దల పెట్టెలలో ఉండిన నమూనా గుడ్డల మూట ఏమి? అదే కదా వారి పాఠ్యపుస్తకము. కొత్తదనమును కోరువారు దానికొక గడి ప్రత్యేకముగ ఉంచి, ఎవరును చేయని పని చేసి ఓడిపోయినవానికి కూడ అందులో మార్కు వేయవచ్చును.

చేతివారి కొరకే డిజైను చదువును మలచిన చోటులు లేకపోలేదు. కచ్ఛి సీమలో 2005లో కళారక్షా విద్యాలయము అనునది వృత్తిపనివారికే తెరచినారు. 2014 నుండి అదే మార్గమున సోమయ్య కళావిద్య నడచుచున్నది. సంవత్సరములో కొద్ది వారముల చొప్పున తరగతులు, నడుమ ఇంటికి పోయి తమ మగ్గముపై, తమ రంగుతొట్టిలో అభ్యాసము, చివర జ్యూరీ. విన్నదానిని వెంటనే పనిలో పెట్టి చూచుకొను అవకాశము ఆ ఏర్పాటులోనే ఉన్నది. ఇంతకు పూర్వము, 1956 నుండి వెలసిన వీవర్స్ సర్వీసు సెంటర్లలో చిత్రకారుడు, నేతగాడు ఒకే కప్పు క్రింద పనిచేసి, గీసిన దానిని అక్కడికక్కడ మగ్గముపై వేసి చూచుకొనెడివారు. ఆ కాలమున వాటిని నడిపిన అఖిల భారత చేనేత బోర్డు 2020లో రద్దయినది గాని, సెంటర్లు ఇంకను ఉన్నవి.

ఇంతవరకు కళాశాలలను అంటిని. ఇక మన తప్పు చెప్పక పోవుట న్యాయము కాదు.

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక కళాశాలవారు నన్ను జ్యూరీకి అతిథిగా పిలిచినారు. శాలువ కప్పినారు, కాఫీ ఇచ్చినారు. ముగ్గురు అధ్యాపకులు మాటలాడినంత సేపు నేను విన్నాను. చివర "మీరు కూడ రెండు మాటలు" అన్నప్పటికి మార్కుల కాగితము నిండియే యున్నది. దినపు కూలి పోయినది, దాని ఊసు లేదు. ఇది వారి తప్పు. కాని ఆ రెండు మాటలకు నేను ఏమంటిని? "అందరు బాగా చేసినారమ్మా" అంటిని! నా ఎదుట ఉన్న బట్టలలో ఒకదానికి అంచు నిలువదని, మూడు ఉతుకులకు పోగు జారునని నాకు తెలియును. ఇంటికి వచ్చిన అతిథితోను, పొరుగింటి పిల్లతోను లోపము చెప్పరాదను మర్యాద నోరు కట్టివేసినది. కోట్‌పాడ్‌లో గాని, మన తెలుగు వాడలలో గాని విద్యార్థి వచ్చి "మామయ్యా, ఇది ఎలా ఉంది?" అన్నచో మనమందరము ఇచ్చు జవాబు ఇదే: "బాగుంది తల్లీ." ఆ పిల్ల సంతోషించి పోవును, తెలియనిది తెలియనట్లే ఉండును. అధ్యాపకుడు "మెరుగుపడవలెను" అన్నదానికిని, మనము "బాగుంది" అన్నదానికిని తేడా తీపి చేదులలోనే. పనికి వచ్చు పాలు రెండింటను సున్నయే.

కనుక మన సంఘమువారికి నా సూచనలు కొన్ని. ఈ రెండు జిల్లాలలో మాట చెప్పగల, చెప్పుటకు జంకని నేత పెద్దలను, స్త్రీలను కూడ, వారి సమ్మతితో ఒక పట్టికగా వ్రాసి, విద్యార్థులను పంపు కళాశాలలకు పంపవలెను. స్త్రీలను అని ప్రత్యేకముగ ఎందుకన్నానన్న, నూలు తోడుట, కండెలు చుట్టుట, రంగు వేయుట వారి చేతనే జరుగుచుండగా జ్యూరీ బల్ల దగ్గర వారి కుర్చీ నేనెన్నడును చూడలేదు. పిలిచిన దినమునకు కూలి, దారిబత్తెము ముందుగా నిర్ణయించుకొనవలెను. శాలువతో పొయ్యి మండదు. మార్కుల కాగితములో నేతవారి గడి ఒకటి ఉండవలెనని, అది చివర కాక మొదట నింపవలెనని కోరవలెను. విద్యార్థి మన ఊరిలో చేసిన పనికి వచ్చిన తీర్పు కాగితపు నకలు, ఆ పనిలో చేయి కలిపిన ఇంటికి రావలెను. వారు నేసిన దానిని నలుగురు ఏమన్నారో వారికి తెలియవలదా? ఇంతవరకు ఒక్క కాగితమును తిరిగి వచ్చినట్లు నాకు తెలిసినవారెవరును చెప్పలేదు.

ఈ నాలుగింటిని కళాశాలవారు ఒప్పుకొందురా అని అడుగువారు ఉందురు. ఒకటి రెండు ఒప్పుకొన్నను మేలే. కూలి సంగతి దగ్గర జాప్యము చేయుదురని నా అనుమానము.

మా మనుమరాలు సెలవులు ముగియక మునుపే మరల ఒక చిన్న పడుగు సిద్ధము చేసికొనినది, రెండు గజములకు. ఈ మారు పీతను కొంగు చివరనుండి జానెడు లోనికి జరిపినది. ముందు కాగితమును కత్తిరించి, తన భుజముపై వేసికొని, అద్దములో చూచికొని గుర్తు పెట్టినది. ఆ ఉపాయము నేను చెప్పినది కాదు. అంచు మాత్రము మొదటి మూరలోనే మరల లాగినది. నేను గుంట పక్కన కూర్చుండి "వదులు" అంటిని. విప్పుటకు ఒక పూట పట్టినది. ఆగస్టులో కళాశాలకు పోవునప్పుడు ఆ బట్టను, పాత బట్టను ఒకే సంచిలో పెట్టుకొని, రెండింటిని బల్లపై పరచి తన ఉపాధ్యాయినికి చూపెదననియు, మార్కు మార్చవలదు గాని తేడా ఏమో చెప్పుడని అడిగెదననియు పోయినది. జవాబు ఏమి వచ్చినదో ఆమె ఉత్తరము అందిన తరువాత, సంపాదకులు చోటిచ్చినచో, వ్రాయుదును.